ఎంతమీద పెరిగింది?

చీరల దుకాణంలో ‘50 శాతం తగ్గింపు’ అని బోర్డు కనిపిస్తే మనం ఏం చేస్తాం? ‘అసలు ధర ఎంత బాబూ?’ అని అడుగుతాం. పేపర్లో ‘26 శాతం పెరుగుదల’ అని చదివినప్పుడు మాత్రం ఆ ప్రశ్న ఎందుకో నోటికి రాదు. నాకూ రాలేదు. దాని ఫలితం మా వదిన ఆరునెలలు అనుభవించింది.

2002 జులై నాటి సంగతి ఇది. అంతకు రెండేళ్ల ముందు, 41వ ఏట, వదినకు ఆపరేషన్ చేసి గర్భసంచీ, అండాశయాలూ తీసేశారు. ఆ తర్వాత ఒంట్లో ఆవిర్లు, రాత్రిళ్లు చెమటలు. డాక్టరమ్మ ఈస్ట్రోజన్ మాత్రలు రాశాక కాస్త కుదుటపడింది. అంతలో పేపర్లో పెద్ద అక్షరాలతో వార్త! హార్మోన్ మాత్రలతో రొమ్ము క్యాన్సర్ ముప్పు 26 శాతం పెరిగిందనీ, అమెరికాలో ఆ పరిశోధన మధ్యలోనే ఆపేశారనీ. నా గుండె గుభేలుమంది. ఆ ముక్క కత్తిరించి, కవర్లో పెట్టి వదినకు పోస్టు చేశాను. మంచిపని చేశాననే అనుకున్నాను.

సంక్రాంతికి వెళ్లేసరికి వదిన సగమై ఉంది.

‘‘నువ్వు పంపింది చదివిన రోజే మాత్రలు పారేశాను. మీ అన్నయ్యక్కూడా చెప్పలేదు. నూటికి 26 మందికి క్యాన్సరంటే మాటలా? నిద్ర లేకపోతే పోయె, ప్రాణం దక్కితే చాలదూ!’’ అంది.

మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ కోప్పడలేదు. కాగితం తీసుకుని లెక్క వేసి చూపించింది. పరిశోధనలో మాత్రలు వేసుకోనివాళ్లు 10,000 మందిని ఏడాదిపాటు గమనిస్తే రొమ్ము క్యాన్సర్ వచ్చింది సుమారు 30 మందికి. వేసుకున్నవాళ్లలో 38 మందికి. అంటే పెరిగింది 8 మంది. 30 మీద ఆ 8 పెరగడమే పేపర్లోని 26 శాతం!

‘‘8 మందంటే తీసిపారేసే సంగతేం కాదు. గుండెజబ్బూ, పక్షవాతమూ కూడా పెరిగాయి కాబట్టే ఆపేశారు. కానీ నూటికి 26 మంది మాత్రం కాదమ్మా. పైగా అక్కడ ఇచ్చింది రెండు హార్మోన్లు కలిపిన మాత్ర. నీది అది కాదు. నీలాంటివాళ్లమీద పరీక్ష ఇంకా నడుస్తూనే ఉంది’’ అంది.

ఇంటికి తిరిగొచ్చాక లైబ్రరీలో ఆనాటి పేపర్ తీయించి చదివాను. సిగ్గేసింది. ఆ పరిశోధనలో ఉన్నవాళ్లంతా గర్భసంచీ ఉన్న స్త్రీలనీ, వయసు 50 నుంచి 79 ఏళ్లనీ వార్త చివర్లో స్పష్టంగానే ఉంది. నేను కత్తిరించింది పై ముక్కే!

డాక్టరమ్మ సలహాతో వదిన మళ్లీ మాత్రలు మొదలుపెట్టింది. 2004లో ఆ రెండో పరీక్ష ఫలితాలూ వచ్చాయి. గర్భసంచీ లేనివాళ్లకు ఒక్క ఈస్ట్రోజనే ఇస్తే రొమ్ము క్యాన్సర్ పెరగలేదట గానీ పక్షవాతం ముప్పు పెరిగిందట. ఈసారి వదిన మాత్రలు పారేయలేదు. పేపరు పట్టుకుని నేరుగా డాక్టరమ్మ దగ్గరికే వెళ్లింది. తన వయసుకు ఏది మంచిదో అడిగి తెలుసుకుంది.

ఇప్పుడు కత్తెరా, కవరూ కూడా అక్కర్లేదు. ఫోన్‌లో ఒక్కసారి నొక్కితే చాలు, మన భయం వందమంది ఇళ్లకు చేరిపోతుంది. అందుకే ఆరోగ్యం గురించిన వార్త ఏది చూసినా నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఎంతమీద ఎంత పెరిగింది? ఎవరిమీద పరీక్షించారు? వాళ్లకూ మనకూ పోలిక ఉందా? జవాబులు చాలాసార్లు వార్త చివర్లోనే ఉంటాయి. అక్కడిదాకా చదివే ఓపిక ఉండాలంతే.

ఎవరికైనా పంపాలనిపిస్తే, వార్త మొత్తం పంపండి. నాలా సగం కత్తిరించకండి!