వోల్టు, ఆంపియరు, ఓమ్: పంపుసెట్టు వద్ద ఒక లెక్క

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. ఆ ఎడమకాలువ నీటితో మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములు వరిపొలాలతో పచ్చబడినవి. అయితే కాలువ కంటె మెరకగా ఉన్న చేలకు నీరు తనంతట తాను ఎక్కదు. అక్కడ బోరుబావే దిక్కు, దానికి మోటారే ఆధారము.

వరి చిరుపొట్ట దశలో ఉన్నప్పుడు ఆ మోటారు కాలిపోయిందనుకోండి. దానిని విప్పి, పట్టణానికి తీసుకొనిపోయి, వైండింగు చుట్టించి తెచ్చేలోగా మడి నెర్రెలు బారుతుంది. “కరెంటు తక్కువ వచ్చింది, మోటారు కాలింది” అంటాడు రైతు. ఈ మాటలో సగమే నిజము. తక్కువైనది వోల్టేజి. కరెంటు మాత్రము ఎక్కువైనది. అందుకే మోటారు కాలింది. ఈ సంగతి బోధపడటానికి ఒక భాగహారము, ఒక గుణకారము వస్తే చాలు.

చెరువు తూమును తలచుకోండి. చెరువులో నీటిమట్టము ఎంత ఎత్తున ఉంటే తూము వద్ద ఒత్తిడి అంత ఎక్కువ. విద్యుత్తులో ఆ ఒత్తిడి వంటిదే వోల్టేజి. దానిని వోల్టులలో కొలుస్తారు. తూములోనుండి పారే నీటి వంటిది విద్యుత్ప్రవాహము. మనము వాడుకలో కరెంటు అనేది దీనినే. దీని కొలత ఆంపియరు. తూము ఇరుకైతే పారకము తగ్గినట్లే, తీగ సన్నమైనా, పొడవైనా ప్రవాహానికి అడ్డు పెరుగుతుంది. ఆ అడ్డే నిరోధము. దాని కొలతకు ఓమ్ అని పేరు. ఈ మూడింటికీ గల సంబంధమును జర్మనీ దేశస్థుడైన గేయోర్గ్ ఓమ్ 1827లో గ్రంథరూపమున ప్రకటించాడు. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధము వస్తుంది. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే శక్తి వాట్లలో వస్తుంది.

ఇంటిలోని ఇస్త్రీపెట్టెను చూద్దాము. 230 వోల్టుల వద్ద అది 5 ఆంపియర్లు తీసుకొంటున్నదనుకొందాము. 230ని 5తో భాగిస్తే నిరోధము 46 ఓమ్‌లు. 230ని 5తో గుణిస్తే శక్తి 1,150 వాట్లు. సాయంకాలము వోల్టేజి 184కు దిగింది. నిరోధము ఇంచుమించు అదే కనుక ప్రవాహము 4 ఆంపియర్లే. శక్తి 736 వాట్లే. వోల్టేజి తగ్గినది ఐదవవంతు, వేడి తగ్గినది మూడవవంతు కంటె ఎక్కువ! ఇస్త్రీ ఆలస్యమవుతుంది, అంతే. పెట్టెకు ఏ హానీ లేదు.

ఇప్పుడు పొలానికి పోదాము. ట్రాన్స్‌ఫార్మరు నుండి కిలోమీటరు దూరాన మూడు ఫేజుల మోటారు ఉన్నది. 30 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియము తీగకు కిలోమీటరు పొడవున సుమారు ఒక ఓమ్ నిరోధము ఉంటుంది. 5 హార్స్‌పవరు మోటారు ఒక్కొక్క ఫేజులో సుమారు 7 ఆంపియర్లు తీసుకొంటుంది. ఏడును ఒకటితో గుణిస్తే దారిలో పోయే వోల్టులు ఏడు. ఫేజుకు ఉండవలసిన 240లో ఏడు పోతే భయము లేదు.

కాని అదే లైను చివర ఆరు మోటార్లు ఉంటే ప్రవాహము 42 ఆంపియర్లు. తీగలోనే 42 వోల్టులు పోయి, మోటార్ల వద్దకు 198 మాత్రమే చేరుతవి. ఇక తీగలో వేడిగా వృథా అయ్యే శక్తి సంగతి వినండి. ఆంపియర్లను ఆంపియర్లతోనే గుణించి, దానిని మళ్లీ నిరోధముతో గుణించవలెను. ఒక్క మోటారుకు తీగకు 49 వాట్లు. ఆరు మోటార్లకు తీగకు 1,764 వాట్లు. మూడు తీగలకు 5,292 వాట్లు. ఒక మోటారు తీసుకొనే శక్తి కంటె ఇది ఎక్కువ. అంటే ఆరు మోటార్ల లైనుపై, చుక్క నీరు తోడని ఏడవ మోటారు ఒకటి కంటికి కనబడకుండా నడుస్తున్నదన్నమాట.

మోటారు ఇస్త్రీపెట్టె వంటిది కాదు. తిరిగే మోటారు తనలో ఎదురు వోల్టేజిని పుట్టించుకొంటుంది. కనుక ఓమ్ భాగహారము దానికి నేరుగా వర్తించదు. పైగా అది ఎత్తవలసిన నీటి బరువు వోల్టేజి తగ్గిందని తగ్గదు. అదే పని తక్కువ వోల్టేజితో చేయటానికి మోటారు ఎక్కువ ప్రవాహమును లాగుతుంది. 198 వోల్టుల వద్ద ఏడు ఆంపియర్లు సుమారు ఎనిమిదిన్నర అవుతవి. వైండింగులో వేడి దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. ప్రవాహము పెరిగితే తీగలో వోల్టేజి ఇంకా పడిపోతుంది. ఇదొక విషవలయము. వ్యవసాయ విద్యుత్తు 2004 నుండి ఉచితమే కనుక ఈ నష్టము రైతుకు బిల్లులో కనబడదు. కాలిన వైండింగులో కనబడుతుంది.

దీనికి ఉపాయము కూడా ఆ గుణకారములోనే ఉన్నది. అంతే శక్తిని 415కు బదులు 11,000 వోల్టుల వద్ద పంపితే ప్రవాహము 42 నుండి 1.6 ఆంపియర్లకు దిగుతుంది. అవే తీగలలో 5,292 వాట్ల నష్టము 8 వాట్లయిపోతుంది. బావుల దాకా 11,000 వోల్టుల లైను తెచ్చి, రెండు మూడు మోటార్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టే పద్ధతి ఇందుకోసమే.

రైతు చేతిలో ఉన్నదీ కొంత ఉన్నది. స్టార్టరు వద్ద వదులైన ఒక ముడికి ఒక ఓమ్ నిరోధము ఏర్పడితే, కిలోమీటరు తీగంతటా పరచుకొనవలసిన 49 వాట్ల వేడి ఆ గోరంత చోటనే పుడుతుంది. ముడి కమిలితే కారణమిదే. దానిని సరఫరా ఆపించి, తెలిసినవాని చేత బిగింపించండి. స్టార్టరులోని ఓవర్‌లోడు రిలే మాటిమాటికీ పడిపోతున్నదని దానిని తీసివేయవద్దు. ఆంపియర్లు మితిమీరినవని అది చేసే హెచ్చరిక అది. నీరు చాలటంలేదని పెద్ద మోటారు తెచ్చి బిగించేముందు, మోటారు నడుస్తుండగా వోల్టులెన్నో, ఆంపియర్లెన్నో కొలిపించి ఒక కాగితముపై వ్రాసుకోండి. పెద్ద మోటారు మరిన్ని ఆంపియర్లు లాగి, మీ వోల్టేజినీ, పొరుగువాని వోల్టేజినీ ఇంకా దించుతుంది.

ఒకే తీగపై ఉన్నవారందరి బావులూ ఒకే లెక్కకు కట్టుబడి ఉన్నవి. ఆ లెక్క అందరూ కలిసి వేసుకొంటే, ఆ ఏడవ మోటారును ఆపవచ్చును.