ప్రాసెసరు తాపమును గదినుండి కొలువవలెను

పశ్చిమ కనుమలకు తూర్పున, వర్షచ్ఛాయలో నొదిగిన అనంతపురము పీఠభూమిమీద, ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొను సీమలో నున్న గుంతకల్లునందు, వేసవిలో పగటివేడి తరచు 40 డిగ్రీలను దాటుచుండును. రైళ్ళ కూడలిగా దేశమంతట పేరుపొందిన ఈ యూరిలో నేడు స్టేషను చుట్టుపట్ల జెరాక్సు దుకాణము మొదలు, ఉద్యోగపరీక్షలకు చదువుకొను పిల్లవాని గదివరకు డెస్క్‌టాప్ కంప్యూటరు ప్రవేశించినది. ఎండలు ముదురగానే ఫ్యాను హోరెత్తుచున్నదనియు, తెరమీది ప్రాసెసరు తాపపు అంకె 90కి చేరుచున్నదనియు, నడుచుచున్న పని మందగించి యంత్రము దానంతటదే ఆగిపోవుచున్నదనియు వినియోగించువారు వాపోవుదురు. వాపోయి, మరునాడే కొత్త ఫ్యానుకో కొత్త ప్రాసెసరుకో డబ్బు కూర్చుకొనసాగుదురు. ఈ త్వరపాటు తగదు. తెరమీద కనబడు అంకెలో గదివేడి యెంత, యంత్రపు దోషమెంత యని విడదీసి చూచుటయే ఈ చికిత్సకంతటికిని ప్రథమ సోపానము.

ప్రాసెసరు తాను గ్రహించిన విద్యుచ్ఛక్తిని ఇంచుమించు సమస్తమును వేడిగానే వెలువరించును. ఆ శక్తి పనివేగమునుబట్టి పెరుగును. వోల్టేజీ పెరిగినచో దాని వర్గమునుబట్టి పెరుగును. అందుచేతనే వోల్టేజీలో స్వల్పమైన హెచ్చు కూడ తాపమున ప్రస్ఫుటముగా గోచరించును. 1989లో వెలువడిన ఇంటెల్ 486 కొద్దిపాటి వాట్లతో తృప్తిచెంది, పెక్కు యంత్రములలో ఫ్యాను లేకయే నడిచెను. 2004 నాటి పెంటియం 4 ప్రెస్కాట్ రకములలో కొన్ని 100 వాట్లను మించెను. నేటి ప్రాసెసర్లలో ఆ వేడి యంతయు గోరంత వైశాల్యముగల సిలికాన్ పలుకునుండి పుట్టుచున్నది. కావున ఆ పలుకు కాలిపోకుండుటకై నిర్మాతలు దానిలోనే ఉష్ణమాపకములను అమర్చి, హద్దు సమీపించినప్పుడు వేగమును తనంత తాను తగ్గించుకొనునట్లును, అటుపైనను వేడి తగ్గనిచో యంత్రము ఆరిపోవునట్లును ఏర్పాటు చేసిరి. ఇంటెల్ ప్రాసెసర్లలో పెక్కింటికి ఆ హద్దు 100 డిగ్రీలు; 2022లో వచ్చిన రైజెన్ 7000 శ్రేణి ప్రాసెసర్లలో అధికభాగమునకు 95. పని మందగించుట యనగా ప్రాసెసరు చెడుట కాదు, తన్ను తాను కాపాడుకొనుట.

గుంతకల్లు డీజిల్ షెడ్డులో పనిచేసినవారికి ఈ యేర్పాటు సులభముగా బోధపడును. పాత డీజిల్ ఇంజనులో వేడిలో కొంతభాగమును నీరు మోసికొనిపోయి రేడియేటరునకు అప్పగించును. రేడియేటరు ఫ్యాను దానిని బయటిగాలికి అప్పగించును. నీటివేడి హెచ్చినకొలది ఫ్యాను వేగము హెచ్చును. కంప్యూటరులో ప్రాసెసరుమీద అమర్చిన లోహపు రెక్కల హీట్‌సింక్ రేడియేటరు వంటిది. అచ్చటనైనను ఇచ్చటనైనను గాలి తనకంటె వేడియైన వస్తువునే చల్లార్చగలదు. 42 డిగ్రీల గాలిని ఎంత వడిగా విసరినను, ప్రాసెసరును 42 డిగ్రీలకు దిగువకు దింపజాలదు.

ఇందుండి ఒక లెక్క పుట్టుచున్నది. ఒకే పని, ఒకే ఫ్యాను వేగము ఉన్నంతవరకు ప్రాసెసరు వేడికిని గదివేడికిని నడుమనుండు అంతరము ఇంచుమించు మారదు. డిసెంబరు నెలలో గది 26 డిగ్రీలుండగా భారమైన పనిలో ప్రాసెసరు 70 చూపినదనుకొందము, అంతరము 44. అదే యంత్రము ఏప్రిల్ మధ్యాహ్నమున 41 డిగ్రీల గదిలో 85 చూపినచో, అంతరము మారలేదు గనుక యంత్రమున దోషము లేదు. మారినది ఋతువు మాత్రమే. అట్లుగాక ఏప్రిల్‌లో 97 చూపినచో అంతరము 56 ఐనది. ఆ హెచ్చిన 12 డిగ్రీలకు కారణమును యంత్రములోనే వెదకవలెను. గోడకు తగిలించిన సాధారణ థర్మామీటరు ఒకటి, కోర్ టెంప్ గాని హెచ్‌డబ్ల్యుఇన్ఫో గాని వంటి ఉచిత ప్రోగ్రాము ఒకటి, తేదీతో పాటు రెండంకెలను వ్రాసికొనుటకు ఒక పుస్తకము: ఈ మూడును ఉన్నచో వేలరూపాయల అనవసర వ్యయమును ఆపవచ్చును.

అధికతాపము వేరు, చంచలతాపము వేరు. ఊరకున్న యంత్రము 45 డిగ్రీలు చూపుచు, బ్రౌజరు తెరచినంతనే 65కి ఎగసి, మరుక్షణమే దిగివచ్చుట చూచి చాలమంది కలవరపడుదురు. ఆధునిక ప్రాసెసరు పని కనబడిన మిల్లీసెకండ్లలోనే వోల్టేజీని, వేగమును శిఖరమునకు చేర్చి, పని ముగించి, మరల విశ్రమించును. దాని తాపము ఎగసిపడుట స్వభావమేగాని రోగము కాదు. ఆ యెగుడుదిగుడులను ఫ్యాను వెంబడించి క్షణక్షణము రొదచేయుచున్నచో, యంత్రము మొదలగునప్పుడు తెరువగల అమరికల తెరయైన బయాస్‌లో తాపమునుబట్టి ఫ్యాను వేగమును నిర్ణయించు వక్రరేఖను కొంత చదునుచేసి, వేగము మారుటకు కొన్ని సెకండ్ల విలంబమును నియమించినచో చాలును. బయాస్ తెరమీద చూచిన అంకె విశ్రాంతినాటిదని భ్రమపడరాదు. అచ్చట ప్రాసెసరు పూర్తిగా నిద్రింపదు గనుక అంకె హెచ్చుగా నుండును. కొన్ని అంకెలు కావలెననియే పెంచి చూపబడినవి కూడ కలవు: 2017 నాటి రైజెన్ 1700ఎక్స్, 1800ఎక్స్ ప్రాసెసర్లు ఫ్యాను నియంత్రణ కొరకు వాస్తవముకంటె 20 డిగ్రీలు హెచ్చుగా తెలియజేసెడివి. శంకింపదగిన చాంచల్యము మరియొకటి: భారము పడిన ఒకటి రెండు సెకండ్లలోనే తాపము నేరుగా హద్దును తాకి, భారము తొలగినంతనే అంతే వడిగా పడిపోవుచున్నచో, హీట్‌సింక్ ప్రాసెసరును సరిగా హత్తుకొనలేదని గ్రహింపవలెను.

ఇక పరీక్షాక్రమము. మొదట టాస్క్ మేనేజరు తెరచి, ఏ పనియు చేయనప్పుడు ప్రాసెసరును తినుచున్న ప్రోగ్రాము ఏదో చూడవలెను. యాంటీవైరస్ శోధనయో, విండోస్ అప్‌డేటో, ఎరుగకుండ చొరబడిన దొంగప్రోగ్రామో వేడికి మూలము కావచ్చును. పిమ్మట కేబినెట్ ఉన్న చోటు. కంప్యూటరు బల్ల క్రింది మూసిన అరలో, గోడకు ఆనించి ఉంచిన కేబినెట్ తాను విడిచిన వేడిగాలినే మరల పీల్చును. ప్రక్కమూతను తీసి అదే పని చేయించినప్పుడు తాపము 5, 10 డిగ్రీలు తగ్గినచో, లోపము ప్రాసెసరుది కాదు, గాలిరాకపోకలది. వెనుక ఒక చేయి వెడల్పు చోటు విడుచుట, ముందునుండి గాలి లోనికి వచ్చి వెనుకనుండి వెలికిపోవునట్లు ఫ్యానులను అమర్చుట, ఖర్చులేని చికిత్సలు.

తరువాతిది దుమ్ము; ఈ సీమలో అధికముగా దూషింపదగినది ఇదియే. వేసవి దాటి నైరుతిగాలులు వీచునప్పుడు, 1990 దశాబ్దమున ఈ సీమలోని రామగిరి కొండలమీద గాలిమరలు నిలుపుటకు ప్రేరేపించిన ఆ గాలులే, దున్ని విడిచిన చేలనుండి మన్ను లేపి కిటికీసందులలో పోయును. ఆ మన్ను నూలుపోగులతో గూడి హీట్‌సింక్ రెక్కల నడుమ కంబళివలె పేరుకొని, గాలిని అడ్డును. యంత్రమును ఆర్పి, తీగ పెరికి, వాకిటకు తెచ్చి, బ్లోయరుతో ఊదవలెను. ఊదునప్పుడు ఫ్యాను గిరగిర తిరుగకుండ వ్రేలితో పట్టుకొనవలెను. లేనిచో బేరింగు దెబ్బతినును. విద్యుత్తును నిలువచేయు కెపాసిటర్లుండుటచేత యంత్రమునకు విద్యుత్తునందించు ఎస్ఎంపిఎస్ పెట్టెను మాత్రము విప్పరాదు. ఈ యూళ్ళలో గాలికాలము ముగియగనే ఒకమారు, ఎండలకు ముందొకమారు ఈ శుభ్రత తప్పదు.

దుమ్ము పోయినను అంతరము తగ్గనిచో హీట్‌సింక్ బిగింపును చూడవలెను. ఇంటెల్ ఇచ్చు సాధారణ కూలరు నాలుగు ప్లాస్టిక్ మేకులమీద నిలుచును. అందొకటి ఊడినను ఒక మూల లేచి, తాపము హద్దుకెక్కును. మదర్‌బోర్డు వెనుకకు నాలుగు మేకులును వచ్చినవో లేదో చూచుట ఉత్తమము. ప్రాసెసరుకును కూలరుకును నడుమ పూయు థర్మల్ పేస్ట్ ఏండ్లు గడచినకొలది ఎండిపోవును. పాతదానిని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, బఠాణిగింజంత కొత్తది నడుమనుంచి, కూలరును సమానముగా నొత్తవలెను. ఎక్కువ పూసినచో ఎక్కువ చల్లబడునన్నది భ్రాంతి. లోహముల నడుమ సూక్ష్మరంధ్రములను పూడ్చుటయే దాని పని. ఇవియన్నియు సరిగానున్నచో కడపట బయాస్ అమరికలను చూడవలెను. కొన్ని మదర్‌బోర్డులు వేగము కొరకై నిర్మాత చెప్పిన వాట్లపరిమితిని మించి విద్యుత్తునిచ్చును. ఆ పరిమితిని నియమితస్థానమునకు తెచ్చినచో వేగము స్వల్పముగా తగ్గినను తాపము విశేషముగా దిగును.

గది సంగతి మరువరాదు. ఈ ప్రాంతపు పూర్వపు మట్టిమిద్దెలు పగటివేడిని అంత సులభముగా లోనికి రానిచ్చెడివి కావు. నేటి కాంక్రీటు కప్పు పగలంతయు కాగి రాత్రి విడుచును. రేకుల షెడ్డు బయటికంటె వేడిగానుండును. ఈ సీమ గాలి పొడిగానుండుటచేత గదికి పెట్టు నీటి కూలరు ఇచ్చట సముద్రతీరములోకంటె ఎంతయో మిన్నగా పనిచేసి, పొడిమధ్యాహ్నములలో గదిని గణనీయముగా చల్లార్చగలదు. గది ఎన్ని డిగ్రీలు దిగునో ప్రాసెసరును అన్ని డిగ్రీలు దిగును. కాని దాని గాలి నేరుగా కేబినెట్‌కు తగులరాదు, బోరునీటి తుంపరలు ఆరి లవణములను విడుచును గనుక. కిటికీ కొంచెము తెరచి ఉంచినచో తేమ నిలువదు.

అప్పుచేసి కొన్న కంప్యూటరుమీద ఒక దుకాణపు బ్రతుకును, ఒక విద్యార్థి భవిష్యత్తును ఆధారపడియున్నవి. అట్టివారు భయముచేత గాక విచారణచేత ఖర్చుపెట్టవలెననియే ఈ వ్యాసముయొక్క అభిలాష. ఒక మార్పుచేసి, గదివేడిని తీసివేసిన అంకెను వ్రాసికొని, పిమ్మటనే రెండవమార్పు చేయువాడు తన యంత్రమునకు తానే వైద్యుడు కాగలడు. ఒక్కమారే అన్నిటిని మార్చువానికి యంత్రము బాగుపడినను, దేనివలన బాగుపడినదో తెలియదు, మరుసటి వేసవికి మరల దుకాణమునకే పోవలసివచ్చును.