కంప్యూటరు ద్వారము

శ్రీశైల క్షేత్రమునకు త్రిపురాంతకము తూర్పు ద్వారమని ప్రసిద్ధి. యాత్రికులకు ద్వారమెట్టిదో, సమాచారమునకు కంప్యూటరు ప్రక్కనుండు చిన్న రంధ్రమట్టిది. దానినే పోర్టు అందురు.

పూర్వము కీబోర్డునకొకటి, ప్రింటరునకొకటి, ఇట్లు వేర్వేరు పోర్టులుండెడివి. వాని స్థానమున ఒకే తీరు పోర్టు ఉండవలెనని 1996లో యు.ఎస్.బి. ఏర్పడినది. దాని గరిష్ఠ వేగము సెకనుకు 12 మెగాబిట్లు. అది 2000లో 480 మెగాబిట్లకు, 2008లో 5,000 మెగాబిట్లకు పెరిగినది.

శిల అరిగిపోయినను అక్షరము నిలువవలెనని ఒక విద్యార్థి త్రిపురాంతకేశ్వరాలయ శాసనములకు ఛాయాచిత్రములు తీసెననుకొందము. అవి 6 గిగాబైట్లైనచో, కంప్యూటరులోనికి చేరుటకు మొదటి వేగమున గంటకు పైగా పట్టును. రెండవ వేగమున 100 సెకనులు. మూడవ వేగమున పది పండ్రెండు సెకనులు చాలును. ఇది లెక్క మాత్రమే. ఆచరణలో మరికొంత ఆలస్యమగును.

2014లో వచ్చిన సి-రకపు పోర్టునందు కేబులును ఎటు త్రిప్పి పెట్టినను అమరును. విద్యుత్తు కూడ దానిగుండనే వచ్చును. కాని రూపమొక్కటైనంత మాత్రమున వేగమొక్కటి కాదు. రెండు పరికరములు, నడుమనున్న కేబులు, ఈ మూడింటిలో మందగతి గలదియే వేగమును నిర్ణయించును. ద్వారమెంత విశాలమైనను త్రోవ ఇరుకైనచో యాత్రికులు నిలిచిపోవుదురు గదా! కావున కేబులు కొనువారు దాని రూపమును గాక, సూచించిన వేగమును చూడవలెను.