పనివాని హక్కు



శ్రామికుని చెమట ఆరకముందే కూలి చెల్లించమని దైవప్రవక్త (సఅసం) ఆదేశించారు. ఈ హదీసు మనందరికీ కంఠస్థమే. ఆచరణలో మాత్రం వెనుకబడ్డాం. ఒప్పుకున్న వేళ దాటినా ఉచితంగా పనిచేయించుకోవడం, నలుగురిలో కసరడం, జీతం అడిగితే రేపు రమ్మని తిప్పుకోవడం, ఇవన్నీ జుల్మ్ కిందికే వస్తాయి.

హజ్రత్ అనస్ (రజి) 10 సంవత్సరాలు దైవప్రవక్త (సఅసం) సేవలో గడిపారు. అంతకాలంలో ఒక్క విసుగుమాట కూడా వినలేదని ఆయనే తెలిపారు. సేవకులు మీ సోదరులని, వారిపై శక్తికి మించిన భారం మోపరాదని, మోపితే స్వయంగా సాయపడాలని దైవప్రవక్త (సఅసం) బోధించారు.

అల్లాహ్ హక్కులో జరిగిన లోపానికి తౌబా ఉంది. దాసుల హక్కును మాత్రం హక్కుదారునికి తిరిగి అప్పగించాలి, లేదా అతడు మనస్ఫూర్తిగా క్షమించాలి. మన నమాజులు, ఉపవాసాలు ఆ బాకీని తీర్చలేవు. పూర్తి పని చేయించుకొని కూలి ఎగవేసినవానికి ప్రళయదినాన తానే ప్రత్యర్థిగా నిలుస్తానని అల్లాహ్ హెచ్చరించినట్లు సహీహ్ బుఖారీలో ఉంది.

కనుక మన దుకాణంలో, కార్ఖానాలో, ఇంట్లో పనిచేసేవారి లెక్కను ఈ జుమా నాడే సరిచూసుకుందాం. వారు ఏ మతస్థులైనా హక్కు హక్కే. బాకీ చెల్లిద్దాం, నొప్పించిన మాటకు క్షమాపణ కోరుదాం. అల్లాహ్ మనకా సౌభాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.