మార్పు చేసిన బస్సులలో జనరేటరు

ప్రయాణికుల బస్సును సంచార వైద్యశాలగానో, ప్రచార రథంగానో, సినిమా నటుల విశ్రాంతి వాహనం (కేరవాన్) గానో మార్చినప్పుడు, అందులోని దీపాలు, ఫ్యాన్లు, ఏ.సి., ఫ్రిజ్ వంటి పరికరాలకు 230 వోల్టుల విద్యుత్తును ఇచ్చుటకు ప్రత్యేకంగా ఒక జనరేటరును అమరుస్తారు. బస్సు ఇంజనుకు తగిలించి ఉండే ఆల్టర్నేటరు ప్రధానంగా బ్యాటరీని ఛార్జి చేయుటకు ఉద్దేశించబడినది. దాని నుండి లభించేది 12 లేక 24 వోల్టుల ఏకముఖ విద్యుత్తు మాత్రమే. అందువలన బస్సు ఆగి ఉన్న సమయంలో గంటల తరబడి ఏ.సి. వంటి పరికరాలు నడవాలంటే వేరొక ఇంజను, వేరొక ఆల్టర్నేటరు అవసరమవుతాయి.

నేపథ్యం

1982లో ఎన్.టి.రామారావు ఎన్నికల ప్రచారానికి వాడిన చైతన్యరథం పాత షెవ్రొలె వ్యానును మార్చి తయారుచేసినది. తెలుగునాట మార్పు చేసిన వాహనాలలో ఇది మిక్కిలి ప్రసిద్ధమైనది. 2020లో కోవిడ్ సమయంలో ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీకి చెందిన ఇంద్ర బస్సులను "సంజీవని" పేరుతో నమూనాలు సేకరించే వాహనాలుగా మార్చారు. వాహనంపై జనరేటరును వెంట తీసుకువెళ్ళే అలవాటు గుంటూరు, ప్రకాశం ప్రాంతాలకు కొత్త కాదు. నరసరావుపేట సమీపంలోని కోటప్పకొండ తిరునాళ్ళకు వచ్చే విద్యుత్ ప్రభలు జనరేటర్ల సాయంతోనే వెలుగుతాయి.

స్థల నిర్ణయం

ఆర్టీసీ సాధారణ బస్సులలో చాలా వాటికి ఇంజను ముందు భాగంలో, డ్రైవరు పక్కన బానెట్ క్రింద ఉంటుంది. ఈ గది బస్సు లోపలి భాగంలోకే వస్తుంది కాబట్టి జనరేటరుకు తగినది కాదు. ఇటువంటి బస్సులలో పక్కనుండే డిక్కీలో కొంత భాగాన్ని ఇనుప రేకుతో వేరుచేసి జనరేటరును ఉంచుతారు. వోల్వో వంటి బస్సులలో ఇంజను వెనుక ఉంటుంది. బస్సును ఒకేచోట స్థిరంగా నిలిపి వాడదలచి పాత ఇంజనును తీసివేసినప్పుడు, ఆ గదిలోనే జనరేటరును అమర్చే వీలుంటుంది. ఆ గదికి బయట నుండి తెరిచే తలుపు, బరువును మోయగల ఛాసిస్ దూలాలు ముందే ఉండడం దీనిలోని సౌలభ్యం.

జనరేటరును ఛాసిస్‌కు నేరుగా బిగించరు. మధ్యలో రబ్బరు దిమ్మెలను ఉంచి, ఇంజను అదురు బస్సు శరీరానికి చేరకుండా చూస్తారు. ఇదే కారణంగా డీజిలు గొట్టాలను, సైలెన్సరు గొట్టాన్ని కలిపే చోట వంగే గుణం గల గొట్టాలను వాడుతారు.

సామర్థ్యం

ఉదాహరణకు ఒక వాహనంలో ఒకటిన్నర టన్నుల ఏ.సి. (1,700 వాట్లు), నాలుగు ఫ్యాన్లు (300), ఫ్రిజ్ (200), దీపాలు (100), మైకు సెట్టు (500) ఉన్నాయనుకుంటే మొత్తం 2,800 వాట్లు అవుతుంది. పవర్ ఫ్యాక్టరు 0.8గా తీసుకుంటే ఇది 3.5 కె.వి.ఎ.కు సమానం. కంప్రెసరు మొదలయ్యే క్షణంలో కరెంటు అనేక రెట్లు పెరుగుతుంది కనుక 5 కె.వి.ఎ. జనరేటరును ఎంచుకుంటారు. ఈ భారంతో గంటకు సుమారు ఒక లీటరు డీజిలు ఖర్చవుతుంది.

భారతదేశంలో విద్యుత్తు పౌనఃపున్యం 50 హెర్ట్జ్. దీనిని పొందడానికి నాలుగు ధ్రువాల ఆల్టర్నేటరు నిమిషానికి 1,500 సార్లు, రెండు ధ్రువాలది 3,000 సార్లు తిరగాలి. మొదటి రకం బరువు ఎక్కువైనా శబ్దం, అరుగుదల తక్కువ.

వేడి, దుమ్ము

మూసిన గదిలో ఇంజను చల్లబడాలంటే చల్లని గాలి ఒకవైపు నుండి లోనికి వచ్చి, రేడియేటరును దాటి, మరొకవైపు నుండి బయటకు పోవాలి. బయటకు పోయిన వేడిగాలి తిరిగి లోనికి వస్తే ఇంజను వేడెక్కి ఆగిపోతుంది. వేసవి ఎండలకు పేరుపొందిన రెంటచింతల పరిసరాలలో ఇది ముఖ్యమైన విషయం. బయటి గాలి వేడెక్కేకొద్దీ జనరేటరు ఇవ్వగల శక్తి తగ్గుతుంది. పత్తి జిన్నింగు మిల్లుల దగ్గర ఎగిరే పత్తి నూగు రేడియేటరు సందులలో పేరుకొని గాలిని అడ్డగిస్తుంది. వేడి సైలెన్సరుపై పడితే అంటుకొనే ప్రమాదం కూడా ఉన్నది. మిర్చి కల్లాల దుమ్ము ఎయిర్ ఫిల్టరును త్వరగా మూసివేస్తుంది. కావున ఈ ప్రాంతంలో వీటిని తరచుగా శుభ్రం చేయడం అవసరం.

విషవాయు ప్రమాదం

ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు ఉంటుంది. దీనికి రంగు, వాసన లేవు. రక్తంలోని హీమోగ్లోబిన్‌తో ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా కలుస్తుంది. తలనొప్పి, మగతతో మొదలై మనిషి నిద్రలోనే మరణించవచ్చు.

2024 డిసెంబరులో కేరళలోని వడకర వద్ద రోడ్డు పక్కన ఆగి ఉన్న కేరవాన్‌లో ఇద్దరు చనిపోయారు. జనరేటరు నుండి వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ వాహనం అడుగుభాగంలోని రంధ్రం గుండా లోపలికి చేరినదని కాలికట్ ఎన్.ఐ.టి. నిపుణుల పరీక్షలో తేలింది. రెండు గంటలలోనే లోపల ఈ వాయువు పరిమాణం 957 పి.పి.ఎం.కు చేరినట్లు వారు గుర్తించారు.

అందువలన జనరేటరు గదికి, మనుషులు ఉండే భాగానికి మధ్యనున్న గోడలో వైర్ల కోసం చేసిన చిన్న రంధ్రాన్ని సైతం పూర్తిగా మూసివేయాలి. పొగ గొట్టం కిటికీలకు, ఏ.సి. గాలి తీసుకునే చోటికి దూరంగా, బస్సు అంచును దాటి బయటకు రావాలి. గొట్టం బస్సు అడుగుననే ముగిస్తే పొగ అక్కడ చేరి లోనికి వస్తుంది. లోపల కార్బన్ మోనాక్సైడ్ హెచ్చరిక పరికరాన్ని అమర్చాలి. జనరేటరు నడుస్తుండగా లోపల నిద్రించుట ప్రమాదకరం.

విద్యుత్ భద్రత

బయటి కరెంటు, జనరేటరు కరెంటు ఒకేసారి కలవకుండా ఛేంజోవర్ స్విచ్ ఉంటుంది. బస్సు టైర్లు రబ్బరువి కావడంతో, వైరు తెగి బాడీకి తగిలినా ఆ కరెంటు భూమిలోకి సులభంగా పోదు. నేలపై నిలబడి తలుపు పట్టుకున్న వ్యక్తికి షాకు తగులుతుంది. అందుచేత ఛాసిస్‌ను ఎర్త్ వైరుతో కలిపి, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే ఆగే ఆర్.సి.సి.బి.ని అమరుస్తారు.

నిబంధనలు

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నంగా ఉండేటట్లు వాహనాన్ని యజమాని స్వయంగా మార్చరాదు. బస్సును వేరొక అవసరానికి మార్చినప్పుడు రవాణా శాఖ అనుమతి పొందవలసి ఉంటుంది. డీజిలు జనరేటర్ల శబ్దం కవచానికి ఒక మీటరు దూరంలో 75 డెసిబెల్స్ మించరాదని పర్యావరణ నిబంధనలు చెబుతున్నాయి.

ఇవి కూడా చూడండి

- డీజిల్ ఇంజను
- ఆల్టర్నేటరు
- కార్బన్ మోనాక్సైడ్
- చైతన్యరథం
- కోటప్పకొండ