రాళ్ల లెక్క వేరు, కందుల లెక్క వేరు
కంప్యూటరు పద్దులకు ఏ సాఫ్ట్‌వేరు తగునో తేల్చుకునే తీరు

తాండూరు: నాపరాళ్లను లారీకి ఎత్తడానికి హమాలీలకు గంటలు పడుతుంది. బిల్లు రాయడానికి నిమిషాలు చాలు. అయినా రాయి ఎక్కి, తాళ్లు బిగించి, డ్రైవరు టీ తాగి వచ్చిన తరువాత కూడా లారీ కదలక నిలిచిపోయే సందర్భాలు లేకపోలేదు. లోపలి గదిలో ఉన్న కంప్యూటరు సరైన బిల్లు ఇవ్వకపోవడమే అందుకు కారణం. 50 వేల రూపాయలకు మించిన సరుకు రోడ్డెక్కాలంటే బిల్లుతోపాటు ఈ-వే బిల్లు కూడా ఉండాలి. అది లేకుండా బయలుదేరితే దారిలో తనిఖీకి చిక్కినప్పుడు జరిమానా తప్పదు.

వికారాబాద్, తాండూరు పట్టణాల్లోనూ, చుట్టుపక్కల మండలాల్లోనూ ఇప్పుడు కొట్టు పెట్టే ప్రతివారికీ ఎదురవుతున్న ప్రశ్న ఒకటే. లెక్కలు రాసుకోవడానికి ఏ సాఫ్ట్‌వేరు కొనాలి? పక్క దుకాణంలో ఏది ఉంటే అదే కొనేవారు కొందరు. ఫోనులో ఉచితంగా దొరికిందని పెట్టుకునేవారు మరికొందరు. రెండు విధాలా చిక్కులున్నాయి.

చిట్టా, ఆవర్జాల నుంచి

పూర్వం అడ్తి దుకాణాల్లో ఎర్ర అట్ట బహీలు ఉండేవి. రోజు వ్యవహారమంతా చిట్టాలో ఎక్కేది. దానినుంచి ఒక్కొక్కరి పేరు మీద ఆవర్జాకు ఎత్తి రాసేవారు. సంవత్సరాంతానికి గుమాస్తా కూర్చుని నిల్వ తేల్చేవాడు. కంప్యూటరు చేసేదీ ఈ పనే. ఒకసారి పద్దు కొడితే చిట్టాలోనూ, ఆవర్జాలోనూ, సరుకు నిల్వలోనూ అదే ఎక్కుతుంది.

ఈ విషయంలో పాఠం వంటి కథ ఒకటి ఉన్నది. బెంగళూరులో శ్యాం సుందర్ గోయెంకా అనే వ్యాపారి మిల్లులకు ముడిసరుకు, యంత్ర భాగాలు సరఫరా చేసేవారు. తన వ్యాపారానికి సరిపడే లెక్కల సాఫ్ట్‌వేరు ఆయనకు ఎక్కడా దొరకలేదు. గణితం చదివిన కుమారుడు భరత్ గోయెంకాను ఒకటి తయారుచేయమన్నారు. ఆ విధంగా 1986లో పుట్టినదే నేడు దేశమంతటా గుమాస్తాల నోట నానుతున్న టాలీ. భరత్ గోయెంకాకు 2020లో పద్మశ్రీ లభించినది. ఉన్నవాటిలో ఏదీ తన పనికి తగదని గ్రహించిన వ్యాపారి వల్ల ఆ సాఫ్ట్‌వేరు పుట్టినది. కొనేవారు గుర్తుంచుకోవలసినది కూడా అదే. పేరున్నదని కాక, తమ పనికి తగునా లేదా అని చూడాలి.

2017 జూలై 1న జీఎస్‌టీ అమలులోకి వచ్చిన తరువాత ఈ అవసరం పల్లెలకూ పాకినది. రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి గడువులోగా లెక్కలు ఇంటర్నెట్ ద్వారా దాఖలు చేయవలసి వచ్చినది. అమ్మినవారు బిల్లు వివరాలు చూపకపోతే కొన్నవారికి పన్ను జమ దక్కదు. అనగా ఒకరి లెక్క తప్పితే మరొకరి జేబుకు చిల్లు.

మూడు తరగతులు

బజారులో ఉన్నవాటిని స్థూలంగా మూడు తరగతులుగా విభజించవచ్చు. మొదటిది ఫోనులో అప్పు పద్దులు రాసుకునే యాప్‌లు. ఖాతాబుక్, ఓకేక్రెడిట్ ఈ కోవలోవి. ఎవరు ఎంత బాకీ ఉన్నారో రాసుకోవచ్చు. బాకీదారు ఫోనుకు గుర్తు చేస్తూ సందేశం పంపవచ్చు. ఊరి కిరాణా కొట్టుకు, పాల వ్యాపారికి ఇది చాలు.

రెండవది కంప్యూటరులో నిలిపే పూర్తి లెక్కల సాఫ్ట్‌వేర్లు. టాలీ, బిజీ, మార్గ్ ఇందులోకి వస్తాయి. బిల్లు, నిల్వ, బ్యాంకు, పన్ను, లాభనష్టాల పట్టీ అన్నీ వీటిలో ఉంటాయి. ఇంటర్నెట్ లేని వేళ కూడా పద్దులు రాసుకోవచ్చు. గుమాస్తాకు శిక్షణ మాత్రం కావాలి. ఫోనులోనూ కంప్యూటరులోనూ నడిచే వ్యాపార్ వంటివి ఈ రెండు తరగతులకూ నడుమ ఉంటాయి.

మూడవది ఇంటర్నెట్ ద్వారానే నడిచేవి. జోహో బుక్స్ ఇందుకు ఉదాహరణ. లెక్కలు కంపెనీవారి యంత్రాల్లో ఉంటాయి. యజమాని హైదరాబాదులో ఉన్నా తాండూరు అమ్మకాలు చూసుకోవచ్చు. కంప్యూటరు చెడినా పద్దులు పోవు. కాని నెట్ లేనిదే పని సాగదు, చందా ఆపితే తలుపు మూతపడుతుంది.

ఎవరికి ఏది?

పిండి కొద్దీ రొట్టె అన్నారు. తాండూరు పాలిషింగ్ యూనిట్ల సంగతే తీసుకుందాం. ఇక్కడ నీలం, పసుపు నాపరాళ్లు బండల లెక్కన పేర్చి ఉంటాయి, ధర మాత్రం చదరపు అడుగుకు కడతారు. 22 అంగుళాల చదరపు బండలు 500 ఉంటే మొత్తం 1,680 చదరపు అడుగులకు కొద్దిగా పైన. అదే గుమాస్తా పొరపాటున రెండడుగుల బండలుగా కొడితే 2,000 అడుగులు. తేడా దాదాపు 320 అడుగులు. అడుగు 20 రూపాయలు అనుకున్నా 6,400 రూపాయలు ఒక్క బిల్లులో అటో ఇటో పోతాయి. పొడవు, వెడల్పు, బండల సంఖ్య ఇస్తే తానే చదరపు అడుగులు కట్టే సాఫ్ట్‌వేరు కావాలి. పగిలిన రాయిని నిల్వలోనుంచి తీసివేసే వీలు కూడా ఉండాలి.

తాండూరు సరిహద్దు పట్టణం కావడం మరొక చిక్కు. ఇక్కడినుంచి సరుకు కర్ణాటకకు, మహారాష్ట్రకు పోతుంది. రాష్ట్రంలోనే అమ్మితే పన్ను కేంద్రానికి సగం, రాష్ట్రానికి సగంగా బిల్లులో చూపాలి. రాష్ట్రం దాటితే ఐజీఎస్‌టీ అని ఒక్కటిగా చూపాలి. జీఎస్‌టీ నంబరులోని మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని తెలుపుతాయి. తెలంగాణకు 36, కర్ణాటకకు 29, మహారాష్ట్రకు 27. కొనేవారి నంబరు కొట్టగానే ఏ పన్ను వేయాలో తానే గ్రహించే సాఫ్ట్‌వేరుంటే గుమాస్తా పొరబడే అవకాశం తక్కువ.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. తెలంగాణలో సరుకుల అమ్మకాలు ఏడాదికి 20 లక్షల రూపాయలు దాటితేనే జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కాని పన్ను పడే సరుకును రాష్ట్రం దాటించి అమ్మే వ్యాపారికి ఆ మినహాయింపు లేదు. సరిహద్దు అవతలి ఊరికి ఒక్క లారీ రాయి అమ్మినా రిజిస్ట్రేషన్ ఉండవలసిందే. తన పొలంలో పండినది అమ్ముకునే రైతుకు మాత్రం ఈ బాధ లేదు.

కందిపప్పు మిల్లు లెక్క ఇంకొక తీరు. లోపలికి పోయేవి కందులు; బయటికి వచ్చేవి పప్పు, నూక, పొట్టు. క్వింటాలు కందులు ఆడిస్తే గింజను బట్టి, మరను బట్టి 70 కిలోలకు అటూ ఇటూగా పప్పు వస్తుంది. ఒక సరుకు మూడు సరుకులుగా మారడం చూపలేని సాఫ్ట్‌వేరులో నిల్వ ఎన్నటికీ కలవదు. పైగా 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ముద్రవేసి కట్టిన పప్పు సంచులకు 5 శాతం పన్ను పెట్టారు. అదే పప్పు 30 కిలోల సంచిలో పోతే పన్ను లేదు. ఒకే పప్పును రెండు పేర్లతో, రెండు పన్నులతో ఉంచుకునే వీలు ఉండాలి.

మందుల దుకాణానికి బ్యాచ్ నంబరు, గడువు తేదీ ముఖ్యం. గడువు దగ్గర పడుతున్న మందులను ముందుగా చూపాలి. మార్గ్ మందుల వ్యాపారుల్లో వ్యాపించడానికి కారణం ఇదే. ఎరువుల దుకాణంవారికి ప్రభుత్వమిచ్చిన ఈ-పాస్ యంత్రం ఎలాగూ ఉన్నది. అందులో కొనేవారి గుర్తింపు నమోదు కానిదే సబ్సిడీ యూరియా అమ్మకం సాగదు. వారు సాఫ్ట్‌వేరు కొనేటప్పుడు చూడవలసినది యంత్రంలోని నిల్వకూ, తమ పుస్తకంలోని నిల్వకూ సరిచూసుకునే వీలున్నదా అన్నది.

పది పాత బిల్లుల పరీక్ష

అమ్మవచ్చినవారు కంప్యూటరు తెరమీద చూపే నమూనా బిల్లులు ఎప్పుడూ అందంగానే ఉంటాయి. వాటిని చూసి డబ్బు కట్టరాదు. కొనదలచినవారు తమ పాత బిల్లులు పది తీసుకోవాలి. అందులో ఒకటి పక్క రాష్ట్రానికి అమ్మినది, ఒకటి సరుకు వాపసు వచ్చినది, ఒకటి సగం డబ్బు ముట్టినది, ఒకటి తూకంలో కిలోలు గ్రాములు ఉన్నది ఉండేట్టు చూసుకోవాలి. ఆ పదింటినీ తమ గుమాస్తా చేతనే, తమ ఎదుటే కొట్టించాలి. రెండు మూడు సాఫ్ట్‌వేర్లలో ఇదే పని చేయించి చూస్తే ఏది తగునో ఎవరూ చెప్పనక్కరలేదు. చాలా కంపెనీలు కొద్దిరోజులు ఉచితంగా వాడి చూసే వీలు ఇస్తున్నాయి.

ఖర్చును మొదటి రోజు ధరతో కొలవరాదు. ఊహకు ఒక లెక్క: ఒకదానికి మొదట 20 వేలు, తరువాత ఏటా 4 వేలు. మరొకదానికి ఏటా 6 వేలు. మూడేళ్లకు మొదటిది 28 వేలు, రెండవది 18 వేలు. పదేళ్లకు మొదటిది 56 వేలు, రెండవది 60 వేలు. కొట్టు ఎన్నాళ్లు నడపదలచారో దానినిబట్టి ఏది చవకో తేలుతుంది. గుమాస్తా శిక్షణ, ప్రింటరు, మరమ్మతుకు వచ్చేవారి కూలి కూడా కలపాలి. లేకుంటే కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అయినట్టే.

చవకగా వచ్చిందని దొంగ కాపీ వేయించుకోవడం మరీ ప్రమాదం. 2025 సెప్టెంబర్ 22న జీఎస్‌టీ శాతాలు మారాయి. సిమెంటు మీద 28 శాతం 18కి దిగినది. కంపెనీవారి సవరణలు అందని దొంగ కాపీలో ఇటువంటి మార్పులు చేతితో ఒక్కొక్కటిగా చేసుకోవాలి. మరచిన చోట వినియోగదారుడు ఎక్కువ కడతాడు, వ్యాపారి సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉన్నది. రేపు ఈ సాఫ్ట్‌వేరు వదలుకుంటే పాత పద్దులు బయటికి వస్తాయా? జీఎస్‌టీ చట్టం ప్రకారం లెక్కలను, వార్షిక రిటర్ను గడువు తేదీనుంచి 72 నెలలు భద్రపరచాలి. సంకేత పదం ఒక్క గుమాస్తాకే తెలిసి, అతడు పని మానివేస్తే ఆరేళ్ల లెక్క తాళం పడిన పెట్టెలో ఉన్నట్టే. సంకేత పదం యజమాని దగ్గర ఉండాలి. వారానికొకసారి పద్దుల నకలు వేరే చోట దాచాలి. అసలు కంప్యూటరు చెడకముందే ఒకసారి ఆ నకలు తెరిచి చూసుకోవాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ప్రయోజనం లేదు.

రైతుకు ఏమిటి సంబంధం?

ఈ లెక్కలతో తమకేమి పని అని రైతులు అనుకోవడానికి వీలులేదు. మార్కెట్ యార్డులో కాంటా అయిన తరువాత చేతికి వచ్చే తక్‌పట్టీ కూడా ఇప్పుడు చాలాచోట్ల కంప్యూటరునుంచే వస్తున్నది. 17 క్వింటాళ్ల 40 కిలోల కందులకు 2025-26 మద్దతు ధర 8,000 రూపాయల చొప్పున 1,39,200 రూపాయలు రావాలి. 40 కిలోలను వదిలి 17 క్వింటాళ్లే కొడితే 3,200 రూపాయలు మాయమవుతాయి. యంత్రం కట్టిందికదా అని చూడకుండా మడిచి జేబులో పెట్టుకోరాదు. తూకం, ధర, కోతలు ఒక్కొక్కటిగా చదివించుకోవాలి.

రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు ఈ ఎంపిక మరింత కీలకం. 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పేరుతో అమ్మే ప్రతి బస్తా ఈ ప్రాంతపు పొలంలో పండినదేనని చూపగలిగితేనే ఆ గుర్తింపుకు విలువ. ఏ రైతు దగ్గర ఎన్ని బస్తాలు కొన్నారు, అవి ఏ లాటులో కలిశాయి, ఎవరికి అమ్మారు అన్నది రైతువారీగా చూపే సాఫ్ట్‌వేరు వారికి అవసరం.

కంపెనీల చట్టం కింద నమోదైన సంఘాలకు మరొక నిబంధన ఉన్నది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే లెక్కల సాఫ్ట్‌వేరులో పద్దును ఎవరు, ఎప్పుడు దిద్దినా ఆ జాడ నమోదు కావాలి. దాన్ని ఆపివేసే వీలు ఉండరాదు. మామూలు అప్పు పద్దుల యాప్ వీరికి చాలదు. ఈ నిబంధన సభ్యులకు రక్ష వంటిది. రాత్రికి రాత్రి లెక్క మారితే పొద్దున తెలుస్తుంది. మహాజన సభలో ఆ జాడ చూపమని అడగడానికి సభ్యులు వెనుకాడనక్కరలేదు.

ప్రాథమిక సహకార సంఘాల విషయంలో కేంద్రం వేరే దారి పట్టినది. ఎవరికి వారు ఎంచుకోవడం కాక, 63 వేల సంఘాలకు ఒకే జాతీయ సాఫ్ట్‌వేరు అన్న పథకాన్ని 2022 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించినది. పనులన్నీ ఒకే తీరుగా ఉన్నచోట అది సాధ్యం. రాళ్లు, కందులు, మందులు, ఎరువులు అమ్మే బజారులో ఎవరి కొలత వారిదే.

ఇక ఏటా కొద్ది లక్షల వ్యాపారం చేస్తూ ఊళ్లోనే అమ్ముకునే చిన్న కొట్టువారు అసలు సాఫ్ట్‌వేరు కొనకపోయినా నష్టం లేదు. చక్కగా రాసిన పుస్తకం అశ్రద్ధగా నడిపిన కంప్యూటరుకన్నా మేలు. ఏ యంత్రమైనా ఇచ్చిన అంకెలనే కూడుతుంది. ఆ అంకె సరైనదా కాదా అని చూసుకోవలసినది మనిషే.