నొక్కినచో విద్యుత్తునిచ్చు పింగాణి

వంటింటి గ్యాస్ లైటరు మీట నొక్కగానే టక్కుమని నిప్పురవ్వ వెలువడును. సాధారణ లైటరులో బ్యాటరీ యుండదు. లోపలి చిన్న సుత్తి పింగాణి ముక్కపై కొట్టగా, దాని రెండు కొనల మధ్య కొన్ని వేల వోల్టులు పుట్టును. ఈ ధర్మమునకు పీడన విద్యుత్తు అని పేరు. దీనిని 1880లో ఫ్రాన్సు దేశమున జాక్ క్యూరీ, పియరీ క్యూరీ సోదరులు క్వార్ట్జ్ మొదలగు స్ఫటికములలో కనుగొనిరి.

కాఫీ త్రాగు పింగాణి కప్పును ఎంత నొక్కినను విద్యుత్తు రాదు. మరి లైటరులోని ముక్కకు ఆ శక్తి ఎట్లు కలిగినది?

ఈ పింగాణిలో మట్టి లేదు. సీసము, జిర్కోనియం, టైటానియంల ఆక్సైడు పొడులను తూచి, కలిపి, బాల్ మిల్లులో మెత్తగా నూరుదురు. ఆ పొడిని సుమారు 850 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కాల్చినచో మూడును కలిసి లెడ్ జిర్కోనేట్ టైటనేట్ అను ఒకే పదార్థమగును. దానిని మరల నూరి, కొద్దిగా బంక చేర్చి, ఉక్కు అచ్చులలో నొక్కి బిళ్ళలు చేయుదురు.

మెల్లగా వేడిచేసి బంకను పోగొట్టిన పిదప బిళ్ళలను సుమారు 1250 డిగ్రీల వద్ద కాల్చుదురు. రేణువులు అతుకుకొని బిళ్ళ గట్టిపడును, కొంత కుంచించుకొనును. అందుచే అచ్చును ముందే కొంచెము పెద్దదిగా చేయుదురు. ఇచట ఒక చిక్కు కలదు. ఆ వేడిమికి సీసపు ఆక్సైడు ఆవిరియై పోవును. సీసము తగ్గినచో బిళ్ళ గుణము చెడును. కావున మూతగల పాత్రలో, సీసము గల పొడిని చుట్టునుంచి కాల్చుదురు. పాత్రలో సీసపు ఆవిరి నిండియుండుటచే బిళ్ళలోని సీసము అంతగా వెలికి పోదు. సీసము విషము గనుక, ఆ ఆవిరియు పొడియు పనివారి ఊపిరితిత్తులకు చేరకుండ చూడవలెను. సీసము లేని పింగాణుల కొరకు పరిశోధనలు సాగుటకు కారణమిదియే.

చల్లారిన బిళ్ళను సానపట్టి, రెండు ముఖములకు వెండి పూత వేయుదురు. పని ముగిసినట్లే కనబడును. కాని నొక్కినచో విద్యుత్తు రాదు! ప్రతి రేణువులోను ధన, ఋణ ధ్రువములు గల సూక్ష్మ మండలములు కలవు. అవి సంతలోని జనమువలె తలకొక దిక్కు చూచుచుండుటచే ఒకదాని ఫలితమును మరియొకటి రద్దు చేయును. అందుచే బిళ్ళను 100 నుండి 150 డిగ్రీల వరకు కాగిన సిలికోన్ నూనెలో ముంచి, మిల్లీమీటరు మందమునకు రెండు మూడు వేల వోల్టుల చొప్పున ప్రయోగింతురు. మండలములు చాలవరకు ఒకే దిక్కునకు తిరుగును. ఆ వోల్టేజిని ఉంచియే చల్లార్చినచో అట్లే నిలిచిపోవును. దీనినే ధ్రువీకరణ మందురు.

ఇట్లు సంపాదించిన శక్తి శాశ్వతము కాదు. పదార్థపు పాళ్ళను బట్టి, సుమారు 350 డిగ్రీలకు మించి వేడిచేసినచో ఆ వరుస చెదరి, బిళ్ళ మరల కప్పువలె మూగపోవును. ఆ హద్దును క్యూరీ ఉష్ణోగ్రత యందురు. అది పియరీ క్యూరీ పేరే.